రెండు కళ్ళ కూత

అక్కా,

నా అక్షరాలు చూసి నవ్వకు. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళే, అందులో చేత్తో రాయించింది ఒక్క ఏడాదే అని నీకు తెలుసు. మిగతా మూడేళ్ళూ అందరికీ నేర్పినట్టే పెట్టెతో మాట్లాడడం నేర్పారు. తప్పులుంటాయి. గీత మీద నిలబడని అక్షరాలుంటాయి, మా ఊరంతా మోసే ఈ తెప్ప నీళ్ళ మీద నిలబడదు కాబట్టి. ఈ కాగితం నాచు మూటల లోపలి పొర. తడి తగిలితే సిరా పాకుతుంది.

పెట్టెలో చెబితే క్షణంలో చేరేది కదా, ఈ తిప్పలెందుకు అంటావు. పెట్టెలో చెప్పిందల్లా తెప్పని నడిపే యంత్రం, ఆ చెవి, వింటుంది. విన్నదల్లా లెక్క వేసుకుంటుంది. గొడవంతా అక్కడే మొదలైంది. అందుకని రోజుకింత రాసి దాచి, మందుల పడవ వచ్చినప్పుడు పంపుతాను.

కూత మార్పుకు ఇంకా పన్నెండు రోజులు

పొద్దున్నే మంచు వలలు పిండాను. రెండు బిందెల నీళ్ళు వచ్చాయి. నాచు ఎండబెట్టాను. ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. ఇవన్నీ చేస్తున్నంతసేపూ నాలుగు వైపుల నుంచీ ఆ పాటే.

నీ మరిది పాట పాడిన సంగతి మీ కొండ మీదికి కూడా వచ్చే ఉంటుంది. ఎలా వచ్చిందో మాత్రం తెలిసి ఉండదు. పెళ్ళయిన రెండో వారంలో, నేను వలల దగ్గర ఉన్నప్పుడు, ఆయన వంటింటి పెట్టె ముందు నిలబడి నాకోసమని పాడి దాచాడు. దాచాననుకున్నాడు. నొక్కింది మాత్రం అందరికీ పంపే మీట. పెట్టె ఊరుకుంటుందా? ఎవరూ అడగకుండానే డప్పులు కలిపింది, ఈలలు కలిపింది, వెనకాల నలుగురు ఆడవాళ్ళ గొంతులు తగిలించింది. పన్నెండు తెప్పలకీ వెళ్ళిపోయింది.

నీ కళ్ళు రెండు, లెక్కెట్టినా రెండు,
నీ ముక్కు ఒకటి, మళ్ళీ చూసినా ఒకటి,
ఓ పిల్లో, లెక్క సరిపోయింది.

ఆ నలుగురు ఆడవాళ్ళూ "సరిపోయింది, సరిపోయింది" అంటారు. అంతే పాట. రెండో చరణంలో చెవులు. మూడో చరణంలో వేళ్ళు. వేళ్ళు పది దాకా ఉంటాయి కాబట్టి ఆ చరణం పొడుగు.

నాకు సంగీతం తెలియదు. మూకుడు మీద పీత పాకినట్టుండే గొంతుని గుర్తుపట్టడానికి సంగీతం తెలియనక్కరలేదు. పాట బాగాలేదు. నా కోపం దాని మీద కాదు. బాగాలేనిదాన్ని మనుషులు పక్కన పెడతారు కదా, వీళ్ళు రోజుకి నలభైసార్లు వింటారు. "ఎంత దరిద్రంగా ఉందిరా!" అంటాడొకడు. "ఇంకోసారెట్టు" అంటాడు ఇంకొకడు. కుళ్ళిన చేపని వీధిలోకి తెచ్చి, ముక్కు మూసుకుని, చుట్టూ మూగి, పక్క ఇంటివాళ్ళని కూడా పిలిచి వాసన చూపించే జాతి ఇది.

నీళ్ళ వరసలో కాసులమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఆగండే, ఆగండి. ఒకటీ... రెండూ. ఉన్నాయే, రెండూ ఉన్నాయి! సరిపోయింది!"

వరసంతా విరగబడి నవ్వింది. నేను బిందెలోకి చూస్తూ నిలబడ్డాను. నాకు నోట మాట రాదని నీకు తెలుసు. ఇంట్లో కూడా నేను ఆయన్ని "ఇదుగో" అంటాను తప్ప ఇంకో పిలుపు లేదు. ఆ పేరు నా నోటితో పలకలేదు, పలకను కూడా. ఇక్కడ ఏ ఆడదీ పలకదు.

కూత మార్పుకు ఇంకా ఏడు రోజులు

అభిమాన సంఘం పెట్టారు.

దానికి అధ్యక్షుడు సన్నాసిరావు. తాళ్ళ గిడ్డంగిలో పని, నీ మరిదితో కలిసి చదువుకున్నాడు. పాత తెరచాప మీద నీ మరిది బొమ్మ రాయించి, ఇరవై అడుగుల కటౌట్ నిలబెట్టాడు. కళ్ళు రెండూ గిన్నెలంత. కింద "గణిత గాన గంధర్వ" అని రాయించాడు. పాలు ఎక్కడివి తెప్ప మీద, అందుకని నాచు గంజితో అభిషేకం. ఆకుపచ్చటి గంజి బొమ్మ నెత్తిన పోస్తూ ఒకడు "ఒకటీ" అంటే, కింద మూడు వందల మంది "ముక్కూ" అని అరుపు. మనుషులు తినే గంజి అది.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పాట పెట్టి, వేళ్ళు చూపిస్తూ గెంతుతారు. దానికి "దినార్చన" అని పేరు. సముద్రంలో నాచు పెరిగే బయటి తాళ్ళ దగ్గర కోతకి వెళ్ళినవాళ్ళకి కూడా పడవల్లోని కూతపెట్టెల్లో వినిపిస్తారు. వాళ్ళు పడవల్లోనే లేచి వేళ్ళు ఆడిస్తారట.

మా అత్త సంబరం చూడాలి. ఆవిడకి చెవుడు లేదు కానీ, కొడుకు విషయంలో ఉంది.

"సూసినావేటే కోడలా? నా కొడుకు పాటకి పన్నెండు తెప్పలూ ఊగతన్నాయి. ఆళ్ళ నాన్న కూడా ఇలాగే పాడీవోడు."

"అవునత్తా" అన్నాను. మామయ్య సంగతి నాకెందుకులే.

ఆయనకి దండ వేసి తీసుకొచ్చారు. సన్నాసిరావు గడప దగ్గర నిలబడి నాకు రెండు చేతులూ జోడించాడు.

"రెండుకళ్ళ వదినా, మా అన్నని జాగర్తగా సూసుకో. మరో పాట రాయించు. నీ మోకాళ్ళు ఎన్నో జనం అడగతన్నారు."

ఆయన నవ్వుతూ తల వంచుకున్నాడు. దండ తీసి మేకుకి తగిలించి, అన్నం తిని పడుకున్నాడు. మనిషికి తెలుస్తోందో లేదో నాకు అర్థం కాలేదు. తెలిసి ఊరుకుంటే పిరికివాడు, తెలియకపోతే అమాయకుడు. రెండింటిలో ఏదైతే నాకు తక్కువ కోపమో తేల్చుకోలేకపోయాను.

కూత మార్పు రోజు

మీకు కొండ మీద ఇది లేదు కాబట్టి చెబుతాను. తెప్పకి కూత ఉంటుంది. గాలి లేస్తే అది మంచె మీది కొమ్ములోంచి మోగుతుంది. మోగగానే బయట ఉన్న పడవలు తాళ్ళు కోసుకుని వచ్చెయ్యాలి, లోపల ఉన్నవాళ్ళు అంచుకి పరిగెత్తి పడవల తాళ్ళు అందుకోవాలి. ఇప్పటి గాలులు చెప్పి రావు. పావుగంట దొరికితే గొప్ప.

ఒకే కూత ఏళ్ళ తరబడి వింటే చెవికి అలవాటై మనిషి కదలడట. అలా ఒక తెప్ప మొత్తం పోయిందట ఒకప్పుడు. అందుకని ఏడాదికోసారి కూత మారుస్తారు. ఏది పెట్టాలో చెవే ఎంచుతుంది. ఏడాది పొడుగునా జనం ఏ శబ్దానికి ఎక్కువ తల తిప్పారో, ఏది ఎక్కువ విన్నారో అది. ఒక ఏడు పసిపిల్ల ఏడుపు వచ్చిందట. పోయిన ఏడు ఇత్తడి బిందె దొర్లిన చప్పుడు. ఇష్టపడి విన్నారా, తిట్టుకుంటూ విన్నారా అన్నది దానికి పట్టదు. పైగా నవ్వుతూ వింటే ఒకటికి రెండు వేస్తుంది. నవ్వు ఇష్టానికి గుర్తని దానికి ఎవరో నేర్పారు. ఎవరో మంచి మనుషుల మధ్య బతికినవాడై ఉంటాడు.

జనమంతా నడితెప్ప మీద చేరారు. కూత చూసుకునే ఆదెమ్మ పెద్దమ్మ తెర తీసి మీట నొక్కింది. కొమ్ములోంచి డప్పులు. ఈలలు.

నీ కళ్ళు రెండు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత నవ్వు లేచింది చూడు, తెప్ప ఒక పక్కకి ఒరిగింది. కడుపులు పట్టుకున్నారు. కిందపడి దొర్లారు. వాళ్ళ ప్రాణాలు కాపాడే కూత అది అక్కా, దొర్లారు.

ఆదెమ్మ పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు. "బాబూ, ఇది పనికిరాదు" అంది తెప్ప పెద్దతో.

"ఏడాదే గదే ఆదెమ్మా. సెవి ఎంచిందాన్ని కాదంటే ఎలాగ?" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

కొత్త కూత, అయిదో రోజు

ఈ నెల కూతకొమ్ము మీద ఉప్పు గీకే వంతు నాది. ఎత్తు మంచె ఎక్కాలి. నాకు బాగానే ఉంది, పైన ఎవరూ నా కళ్ళు లెక్కపెట్టరు. ఆదెమ్మ పెద్దమ్మ ఎక్కువ మాట్లాడదు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే. దూరపు గొట్టంలోంచి బయటి పడవలు చూస్తూ కూర్చుంటుంది.

ఇవాళ చిన్న గాలి లేచింది. కూత మోగింది. జనం బయటికి వచ్చారు. వచ్చి వరసగా నిలబడి గెంతారు! ఎండిన నాచు మూటలు నలభై నీళ్ళపాలయ్యాయి. పెద్దమ్మ నోటిగొట్టం అందుకుంది. యంత్రం పాడైతే మనిషి నోటితో చెప్పడానికి పెట్టింది అది.

"గాలొత్తంది! రండర్రా! రండి!"

ఆవిడ గొంతు ముసలిది, మధ్యలో చీలిపోతుంది. అప్పటికి కదిలారు. గాలి చిన్నది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వచ్చేవారే "రండర్రా, రండర్రా" అని వెక్కిరించుకుంటూ వచ్చారు.

సాయంత్రానికల్లా సన్నాసిరావు పెద్దమ్మ గొంతు పట్టి పాటలో కలిపేశాడు. "నీ కళ్ళు రెండు, రండర్రా! నీ ముక్కు ఒకటి, రండర్రా!" మొదటి పాట కంటే ఇది ఇంకా బాగుందని, అంటే ఇంకా దరిద్రంగా ఉందని, ఇంటింటా ఇదే.

కొత్త కూత, తొమ్మిదో రోజు

పెద్దమ్మ నన్ను అడిగింది, కూత మార్చమని చెవికి విన్నపం పెడదామా అని. వంద మంది చెవి ముందు నిలబడి వద్దని చెప్పాలి. చెప్పేటప్పుడు ఏ కూత వద్దో అది ఒకసారి వినిపించి అడుగుతుంది. విన్నారా, మరో లెక్క పడుతుంది. వినేటప్పుడు నవ్వారా, రెండు పడతాయి.

అయినా ఇంటింటికీ వెళ్ళాం. పెద్దమ్మ మాట్లాడింది, నేను వెనకాల నిలబడ్డాను. ముప్ఫై ఒక్క మంది వచ్చారు. అందులో ఇరవై తొమ్మిది మంది చెవి ముందు నవ్వారు. నవ్వనివాళ్ళం మేమిద్దరమే. కాసులమ్మయితే వద్దని చెప్పడానికి వచ్చి, పాట వినగానే వేళ్ళు ఆడించి, "ఇంకోపాలి ఇనిపించవా బాబూ" అని చెవినే అడిగింది.

తిరిగి వస్తుంటే పెద్దమ్మ అంది: "నా గొంతు కూడా ఆటబొమ్మని సేసేసినారే పిల్లా. ఇంకేటి మిగిలింది పిలవడానికి?"

ఆవిణ్ణి మంచె దాకా దిగబెట్టి వచ్చాను.

ఇంట్లో ఆయనకి చెబుదామనుకున్నాను, మీ పాట వద్దని విన్నపం పెట్టి వచ్చానని. పొద్దున్నే బయటి తాళ్ళకి వెళ్ళాలని కొడవలి నూరుకుంటున్నాడు. చెప్పలేదు.

కొత్త కూత, పంతొమ్మిదో రోజు

బయట గాలి ఇంకా కొడుతోంది, తెప్ప ఊగుతోంది. అక్షరాలు ఇంకా పాడైతే క్షమించు.

భోజనాల వేళ దాటింది. కొమ్ము మీద ఉప్పు గీకుతున్నాను. ఆయన, ఇంకో ఎనిమిది మంది, మూడు పడవల్లో బయటి తాళ్ళ దగ్గర ఉన్నారు. దక్షిణం వైపు ఆకాశం కాసేపట్లోనే మాడిన మూకుడు రంగుకి తిరిగింది. పెద్దమ్మ గాలి ముల్లు చూసి లేచి నిలబడింది. ఆ ముల్లు అంత పైకి వెళ్ళడం నేను చూడలేదు.

కూత దానంతట అదే మోగింది. డప్పులు. ఈలలు.

అది సరిగ్గా దినార్చన వేళ. కింద జనం అప్పటికే వరసల్లో ఉన్నారు. ఇవాళ కొమ్ములోంచే పాట వచ్చేసరికి, సంఘం వాళ్ళు పెద్ద ఏర్పాటు చేశారనుకుని ఈలలు వేశారు. గెంతడం మొదలెట్టారు. ఒక్కడైనా దక్షిణం వైపు చూడలేదు.

పెద్దమ్మ చేతిలోంచి దూరపు గొట్టం తీసుకుని చూశాను. మూడు పడవలూ కనిపించాయి. వాళ్ళు కూడా అంతే. ఇద్దరు పడవలో లేచి నిలబడి వేళ్ళు చూపిస్తున్నారు. నీ మరిది తాళ్ళ మీదికి వంగి నాచు కోస్తున్నాడు. తన పాట కాబట్టి తల ఎత్తలేదు.

పెద్దమ్మ నోటిగొట్టం పట్టుకుంది. "గాలొత్తంది! రండర్రా!"

కింద నుంచి ఒకే గొంతుతో జవాబు: "రండర్రా! రండర్రా!" చప్పట్లు.

ఆవిడ మళ్ళీ అరిచింది. గొంతు చీలింది. పాటలో కూడా అక్కడే చీలుతుంది. వాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. మూడోసారి ఆవిడకి గొంతే రాలేదు. గొట్టం వదిలేసి, నేల మీద కూర్చుని, నా వైపు చూసింది.

పంతొమ్మిది రోజుల్లో ఆ తెప్ప మీద పిలవడానికి ఒక్క గొంతు మిగల్చలేదు వాళ్ళు. ఎవరూ ఎప్పుడూ విననిది కావాలి. నాకు అంత ఆలోచన వచ్చిందని చెప్పను. నాకు ఆ పడవ కనిపిస్తోంది, అంతే. నోటిగొట్టం అందుకున్నాను. పాట మీట కిందికి లాగేశాను.

"కొండబాబూ!"

అది నా గొంతేనని నాకే తెలియలేదు. పన్నెండు తెప్పల దాకా వెళ్ళిందట.

"ఓ కొండబాబూ! తాడు కోసెయ్! వొచ్చెయ్! నీ ఎనకాల సూడు! కొండబాబూ!"

కింద చప్పట్లు ఆగిపోయాయి. తలలన్నీ పైకి లేచాయి. అప్పుడు ఇన్ని నెలలుగా నోట్లో దాచుకున్నదంతా బయటికి వచ్చింది.

"సిగ్గు లేదేటర్రా మీకు? ఎవరి మొగుళ్ళు ఉన్నారు బయట? ఒలే కాసులమ్మా, నా కళ్ళు లెక్కెట్టినావు, నీవి ఏటి సేత్తన్నాయి? ఒరే సన్నాసిరావూ! మీ సొంత యన్న ఏ పడవలో ఉన్నాడ్రా? నీకున్నాయి గదా రెండు, తిప్పి దచ్చినం పక్క సూడు! తాళ్ళు అందుకోండి! కొండబాబూ! వొచ్చెయ్!"

పరిగెత్తారు. నా తిట్లకి కాదు. తరవాత మా అత్త చెప్పింది: "నువ్వు పేరెట్టి అరిసేసరికి నా గుండె జారిపోయిందే. తెలివున్న ఆడది మొగుడి పేరెట్టి అరుత్తాదా? నా కొడుకు పోయాడే అనుకున్నాను." అందరూ అదే అనుకున్నారు. మూడు వందల మందీ అంచుకి పరిగెత్తారు. బయట పడవల్లో కూతపెట్టెలోంచి ఒక ఆడదాని గొంతు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంటే, ఆడే వేళ్ళు అక్కడే ఆగిపోయాయట. "ఒరే కొండబాబూ, మీ ఆడదిరా! ములిగిపోయింది, ఏదో ములిగిపోయింది" అని ఒకడు అన్నాడట. తాళ్ళు కోసేశారు.

రెండు పడవలు గాలి కంటే ముందు చేరాయి. మూడోది గాలితో పాటు చేరింది. అందులో సన్నాసిరావు అన్న గవరయ్య ఉన్నాడు. అంచు దగ్గర తాడు అందుకునేసరికి ఆలస్యమైంది. పడవకీ తెప్పకీ మధ్య చెయ్యి పడింది.

ప్రాణాలు తొమ్మిదీ దక్కాయి. గవరయ్య కుడి చేతి వేళ్ళు మూడు పోయాయి.

ఇరవయ్యో రోజు

గాలి రాత్రంతా కొట్టి తెల్లారి ఆగింది. కటౌట్ కొట్టుకుపోయింది. గిన్నెలంత కన్ను ఒకటి నీళ్ళ మీద తేలుతూ కనిపించింది.

నేను బట్టలు పిండి ఆరేస్తుంటే ఆయన వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"పేరెట్టి పిలిసినావు."

"పిలవాల్సొచ్చింది."

ఆరేసిన బట్ట ఒకటి సర్దాడు. తరవాత అన్నాడు: "ఆళ్ళు నవ్వతన్నారని నాకు మొదట్రోజే తెల్సే."

నేను పిండుతున్న బట్ట దించాను. "తెల్సి దండ ఎలాగేయించుకున్నావు?"

"కాదంటే ఇంకా నవ్వుతారు గదా. అమ్మ సంబరపడతంది. ఆ పాట నీకని పాడినాను నేను. నువ్వు కూడా నవ్వుతావేమోనని సూసినాను. నువ్వొక్కదానివే నవ్వలేదు."

నవ్వకపోవడానికి కారణం పాట మీద ఇష్టం కాదని, కోపంతో పళ్ళు బిగుసుకుపోయాయని చెప్పలేదు అక్కా. విన్నపం సంగతి కూడా చెప్పలేదు. తడి చొక్కా ఇచ్చి ఒక కొస పట్టుకోమన్నాను. ఇద్దరం కలిసి పిండాం.

మధ్యాహ్నం సన్నాసిరావు వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. "వదినా" అన్నాడు. నేల చూశాడు. నాకు కూర్చోమనాలనిపించలేదు. అనలేదు. వెళ్ళిపోయాడు.

ముప్ఫయ్యో రోజు

కూత పనిచెయ్యక మనిషికి దెబ్బ తగిలితే మధ్యలోనే మార్చాలని రూలు ఉందట. చెవి లెక్కలు తీసింది. తెప్ప పుట్టిన దగ్గర్నుంచి ఒకే క్షణంలో ఎక్కువ తలలు తిరిగిన శబ్దం ఏదని చూసింది. ఏది ఎంచిందో నీకు చెప్పక్కరలేదు.

ఇక ఏడాది దాకా గాలి లేచినప్పుడల్లా కొమ్ములోంచి నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాను. వారానికోసారి పరీక్ష కోసం కూడా పిలుస్తాను. పోయిన వారం మొదటి పరీక్ష. నాచు ఆరేస్తున్నాను. నా నెత్తి మీద నా గొంతే "ఓ కొండబాబూ" అని అరిచింది. గంప పడేసి ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకున్నాను. మా అత్త తలుపు బయట నిలబడి, "బయటికి రాయే, నలుగురూ బాగుందంటన్నారు" అంది.

బాగుందనే అంటారు. సన్నాసిరావు మూతి బిగించుకుని తిరిగింది తొమ్మిది రోజులు. లెక్కపెట్టాను. పదో రోజు నా తిట్లకి డప్పులు కలిపాడు. "సిగ్గు లేదేటర్రా మీకు" అన్న చోట నలుగురు ఆడవాళ్ళు "లేదు, లేదు" అంటారు. అందరికీ నచ్చింది. కాసులమ్మ నీళ్ళ వరసలో నన్ను చూసి, "ఒలే కాసులమ్మా అని ఒక్కపాలి తిట్టవా, నా సెల్లెలు ఇంటాది" అని అడిగింది. సొంత అన్న చెయ్యి గుడ్డ చుట్టి ఇంట్లో ఉంటే వీడు డప్పులు కలుపుతున్నాడు. ఒక్కటి మాత్రం మానేశారు. వేళ్ళ చరణం. గవరయ్య ఉన్న చోట పది దాకా ఎవరూ లెక్కపెట్టరు. అంతవరకు వచ్చింది వాళ్ళ బుద్ధి, ఏడు దాకా.

పెద్దమ్మ నన్ను పైకి పిలిచింది.

"ఇది నువ్వు అందరికీ పంపిన పాట కాదు. నీ గొంతు, నీ ఇష్టం పిల్లా. వద్దని నువ్వొక్కదానివి సెబితే సాలు, సెవి తీసేత్తాది. సెప్తావా?"

చెబుదామనే మంచె ఎక్కాను. నోరు తెరిచాను కూడా. అప్పుడే రెండో పరీక్ష కూత మోగింది. కింద ఆడవాళ్ళు నవ్వుతూనే అంచుకి వచ్చి నిలబడ్డారు. నవ్వుతూనే తాళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. దక్షిణం వైపు చూశారు. నవ్వుతున్నారు, కానీ చూశారు. దూరంగా మూడు పడవలు తాళ్ళు వదిలి ఇటు తిరుగుతున్నాయి. మొదటి పడవ ఎవరిదో దూరపు గొట్టం లేకుండానే తెలిసింది.

నోరు మూసుకుని, ఉప్పు గీకి దిగి వచ్చాను.

వాళ్ళ మీద నాకు గౌరవం రాలేదు. రాదు కూడా. ఇంకో ఏడాదికి వీళ్ళు నా గొంతుని కూడా అరగదీసేస్తారు, అప్పుడు చెవి మరొకరిని వెతుక్కుంటుంది. అందాకా పిలుస్తాను.

రేపు మందుల పడవ. అక్కా, ఒక్క మాట తప్పకుండా విను. ఇందులో ఆ పాట పల్లవి ఉంది. మీ మరిది పేరు నా చేత్తో రాసి ఉంది, తిట్లున్నాయి. మీ కొండ మీద కూడా ఒక చెవి ఉంది. పైకి చదవకు. కళ్ళతో చదువుకుని కాల్చెయ్. ఇక్కడైతే నేనే కాల్చేదాన్ని, తెప్ప మీద నిప్పు రాజెయ్యకూడదు. మీకు పొయ్యి ఉంది కదా, అన్నం కింద పెట్టి పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే ఉండు.

కాలుతున్నప్పుడు నవ్వకు. వేళ్ళ చరణం గుర్తొచ్చినా సరే, నవ్వకు. అది నవ్వుకి రెండు వేస్తుంది.

నీ చెల్లెలు
నూకాలు